షట్‌డౌన్‌లో మన వాళ్లనీ కాంట్రాక్టు వాళ్లనీ కలిపి నడపడం ఎలా

కృష్ణా ఒడ్డున సున్నపురాయి ఉన్నంత మేరా సిమెంటు ఫ్యాక్టరీలే. మట్టపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి, అవతల జగ్గయ్యపేట. ఈ చుట్టుపక్కలే ఒక ఫ్యాక్టరీలో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మొదటి 8 ఏళ్లు ఫిట్టర్లతో కలిసి గ్రీజులో, ఆ తర్వాత 11 ఏళ్లు మెయింటెనెన్స్ ప్లానింగ్‌లో. ఏడాదికోసారి, వానలు మొదలై సిమెంటు అమ్మకాలు తగ్గగానే, కిల్న్ ఆపి 15 నుంచి 20 రోజులు పెద్ద మరమ్మతు పెట్టుకుంటాం. మామూలు రోజుల్లో మా మెకానికల్‌లో 30 మంది. షట్‌డౌన్‌కి బయటి నుంచి 200 మందికి పైగా దిగుతారు. ఇటుక పేర్చేవాళ్లు, కాస్టబుల్ (వేడిని తట్టుకునే కాంక్రీటు) పోసేవాళ్లు, వెల్డర్లు, స్కాఫోల్డింగ్ (పరంజా) కట్టేవాళ్లు, క్లీనింగ్ గ్యాంగులు. ఈ రెండు రకాల మనుషులనీ ఒకే పని మీద నడపడం ఎలాగో, నాకు దెబ్బలు తగిలి తెలిసినంత వరకూ రాస్తున్నాను. మీది ఆసుపత్రి కావచ్చు, రైస్ మిల్లు కావచ్చు. కిల్న్ బదులు మీ యంత్రం పేరు పెట్టుకుని చదవండి.

కిల్న్ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. కొంచెం వాలుగా పడుకోబెట్టిన పెద్ద ఉక్కు గొట్టం అది. మాది 60 మీటర్లకు పైనే, లోపల లారీ దూరేంత వెడల్పు. తిరుగుతూ ఉంటుంది. లోపల సుమారు 1450 డిగ్రీల దగ్గర రాతిపొడి క్లింకర్‌గా, అంటే నూరితే సిమెంటయ్యే గడ్డలుగా మారుతుంది. ఆ వేడికి ఉక్కు కరిగిపోకుండా లోపలంతా ఇటుక లైనింగ్. ఆ ఇటుక అరుగుతుంది, మార్చాలి. కిల్న్‌కి ముందు రాతిపొడిని వేడెక్కించే ఆరంతస్తుల ప్రీహీటర్ టవర్, తర్వాత క్లింకర్‌ని చల్లబరిచే కూలర్. అన్ని చోట్లా ఒకేసారి పని నడుస్తుంది.

నా దగ్గర 11 షట్‌డౌన్ల నోట్‌బుక్కులు ఉన్నాయి. ఒకసారి తీరిగ్గా కూర్చుని, ఆలస్యాలు ఎక్కడెక్కడ జరిగాయో ఎర్ర పెన్నుతో గీశాను. ఫలానా ఫిట్టర్‌కి పని రాకపోవడం వల్లో, ఫలానా మేస్త్రీ బద్ధకం వల్లో అయినవి చాలా తక్కువ. దాదాపు అన్ని గీతలూ పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారే చోటే పడ్డాయి. మా వాళ్లు “మా పని అయిపోయింది” అని వెళ్లిపోయారు. కాంట్రాక్టు వాళ్లు “మాకు అప్పగించలేదు” అని కూర్చున్నారు. మధ్యలో ఉన్న అడుగు దూరం ఎవరిదీ కాదు.

“ఎవరిది” కాగితం

వర్క్ ఆర్డర్‌లో పని గురించి ఉంటుంది. ఆ పనికి ముందూ వెనకా ఉండే చిల్లర పనుల గురించి ఉండదు. అందుకని ప్రతి కాంట్రాక్టుకీ ఒక ఏ4 కాగితం రాస్తాను. ఎడమ పక్క వస్తువు లేదా పని, మధ్యలో “ఎవరిది”, కుడి పక్క “ఎప్పటికి”. కరెంటు పాయింటు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, కంప్రెసర్ గాలి, ఆక్సిజన్ సిలిండర్లు, వెల్డింగ్ రాడ్లు, చైన్ బ్లాకులు (బరువులెత్తే గొలుసు కప్పీలు), హైడ్రా క్రేన్, స్కాఫోల్డింగ్, తాగునీళ్లు, తీసేసిన ఇటుక ఎత్తిపోయడం. మొత్తం 30, 40 వరసలు వస్తాయి. కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌ని కూర్చోబెట్టి, వరస వరసా చదివి, ఇద్దరం సంతకాలు చేస్తాం. “ఇద్దరిదీ” అని రాయొద్దు. ఇద్దరిదీ అని రాసిన ప్రతిదీ ఎవరిదీ కాకుండా పోయింది.

ఈ కాగితం ఎందుకు మొదలైందో చెబుతాను. ఒక ఏడాది కిల్న్ మంట జోన్‌కి కావాల్సిన మాగ్నీషియా ఇటుక పది రోజుల ముందే వచ్చింది. స్టోర్స్ వాళ్లు దింపించి, కిల్న్ దగ్గరకు చేర్చి, ఇష్యూ స్లిప్ కోసేశారు. అంటే స్టోర్స్ లెక్కలో ఇటుక ఇక వాళ్లది కాదు. ఇటుక కాంట్రాక్టర్ మనుషులు ఇంకా రాలేదు, కాబట్టి వాళ్లదీ కాదు. మా వాళ్లు దాన్ని కాంట్రాక్టర్ మెటీరియల్ అనుకున్నారు. ఆ రాత్రి వాన. మాగ్నీషియా ఇటుకకు తడి పడదు. నీరు పీల్చి, లోపలే ఉబ్బి, పగుళ్లు తీస్తుంది. పొద్దున వచ్చి చూస్తే ప్యాలెట్ మీద ప్లాస్టిక్ కవరు చిరిగి, నాలుగు ప్యాలెట్ల ఇటుక నానిపోయి ఉంది. స్టోర్స్‌లో టార్పాలిన్లు మడత కూడా విప్పకుండా ఉన్నాయి. ఇటుక కొత్తది తెప్పించేసరికి రెండు రోజులు. తప్పు ఎవరిదో తేల్చడానికి పెట్టిన మీటింగు ఇంకో అరరోజు. అప్పటి నుంచి నా కాగితంలో మొదటి వరస: “ఇటుక మీద టార్పాలిన్. ఎవరిది: మెకానికల్ స్టోర్ హెల్పర్. ఎప్పటికి: లారీ దిగిన గంటలో.”

ఒక కాంట్రాక్టుకి మన వైపు ఒక్క మనిషి

ప్రతి కాంట్రాక్టుకీ మన వైపు నుంచి పగలు ఒకరు, రాత్రి ఒకరు, పేరుతో సహా. వాళ్లు తప్ప ఇంకెవరూ ఆ కాంట్రాక్టర్‌కి పని చెప్పకూడదు. ప్లాంట్ హెడ్ గారైనా సరే. ఇది రాయడం తేలిక, ఆపడం కష్టం. పెద్దాయన రౌండ్‌కి వస్తారు, కింద ఖాళీగా కనిపించిన నలుగురు హెల్పర్లని “ఇదిగో, ఆ ప్లేట్లు అటు సర్దండి” అంటారు. ఆ నలుగురూ ఇటుక అందించే మనుషులు. పైన మేస్త్రీ చేతులు చాచి కూర్చుంటాడు. సాయంత్రానికి రెండు వరసలు తక్కువ. ఎవరూ పెద్దాయన పేరెత్తరు.

ఏ మాటైనా సూపర్‌వైజర్ ద్వారానే వెళ్లాలి, నేరుగా కూలీకి వద్దు. దీనికి చట్టం వైపు నుంచి కూడా కారణం ఉంది. కాంట్రాక్టు పేరుకే ఉండి, మనుషుల్ని మనమే నడుపుతున్నామని తేలితే వాళ్లు మన ఉద్యోగులే అవుతారని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హెచ్‌ఆర్ వాళ్లు ఈ మాట పదే పదే చెబుతారు. నాకైతే మేస్త్రీ చేతులు చాచి కూర్చోవడమే పెద్ద కారణం.

మన వైపు మనిషిగా ఎవరిని పెట్టాలన్నది కూడా ముఖ్యం. అందరికంటే పని బాగా వచ్చిన ఫిట్టర్‌ని పెడితే అతను చూస్తూ ఉండలేడు, స్పానర్ లాక్కుని తనే చేసేస్తాడు. కొంచెం నసపెట్టే మనిషి, లెక్క రాసే అలవాటున్న మనిషి దీనికి బాగా పనికొస్తాడు.

గేటు

గేటు దగ్గర పోయే టైము ఎవరి లెక్కలోనూ పడదు. ఆధార్, ఈఎస్‌ఐ, పీఎఫ్ నంబర్లు, ఎత్తు మీద పనిచేసేవాళ్లకు బీపీ, కళ్లు తిరగడం చూసే వైద్య పరీక్ష, సేఫ్టీ ఇండక్షన్. 40 మంది ఒకేసారి దిగితే మొదటి రోజు మధ్యాహ్నం దాకా గేటు బయట చెట్టు కిందే ఉంటారు. కాగితాలు పది రోజుల ముందే తెప్పించండి. గ్యాంగుల వారీగా, పని మొదలయ్యే వరసలో పిలవండి. స్కాఫోల్డింగ్ వాళ్లు లోపలికి రాకుండా వెల్డర్లు ముందొస్తే వాళ్లకి నిలబడే చోటే ఉండదు.

పైన పని, కింద పని

ప్రీహీటర్ టవర్‌లో నాలుగో అంతస్తు సైక్లోన్‌లో (గరాటు లాంటి పెద్ద పాత్ర) ఒక కాంట్రాక్టర్ పాత కాస్టబుల్ కొడుతుంటాడు. దాని కింద కిల్న్ ఇన్‌లెట్‌లో, అంటే రాతిపొడి లోపలికి వెళ్లే మూతి దగ్గర, ఇంకో కాంట్రాక్టర్ మనుషులు. ఇద్దరికీ వర్క్ ఆర్డర్ ఉంది, ఇద్దరికీ గడువు ఉంది, ఇద్దరి మేనేజర్లూ ఫోన్లు చేస్తుంటారు. పైనుంచి ముక్క పడితే నేరుగా కింద ఉన్నవాడి మీదే. బార్ చార్టులో ఇది కనిపించదు. చార్టులో టైము ఉంటుంది, ఎత్తు ఉండదు.

నేను టవర్ బొమ్మ ఒకటి గీసి గోడకి అంటిస్తాను. అంతస్తుకి ఒక గడి, పూటకి ఒక కాగితం. ఒక్కో కాంట్రాక్టర్‌కి ఒక్కో రంగు పెన్సిల్. ఒకే నిలువులో రెండు రంగులు పడితే, మధ్యలో పడే ముక్కల్ని ఆపేంత గట్టి ప్లాట్‌ఫాం ఉండాలి, లేదంటే ఒక రంగు చెరిపేయాలి. ఎవరిది చెరపాలన్నది ఆ గోడ దగ్గరే, ఇద్దరు సూపర్‌వైజర్లూ ఉండగానే తేలాలి. సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ సుత్తి పట్టుకున్న చేత్తో పెన్సిల్ కూడా పట్టుకోవచ్చు.

షిఫ్టు మారే గంట

దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, క్షమించాలి.

మా వాళ్లకి షిఫ్టులు పొద్దున 6 (ఎ), మధ్యాహ్నం 2 (బి), రాత్రి 10 (సి). కాంట్రాక్టు వాళ్లవి పొద్దున 8, రాత్రి 8. అంటే కాంట్రాక్టు గ్యాంగ్ పని మధ్యలో ఉండగానే పర్మిట్ (పని చేసుకోవచ్చన్న అనుమతి కాగితం) ఇచ్చిన మనిషి, కరెంటు ఆపిన మనిషి, రేడియోలో మాట్లాడే మనిషి మారిపోతారు. వచ్చిన కొత్తవాడికి లోపల ఎంతమంది ఉన్నారో తెలియదు. లోపలున్నవాళ్లకి బయట మనిషి మారాడని తెలియదు.

ఇటుక పేర్చేటప్పుడు మధ్యమధ్యలో కిల్న్‌ని కొంచెం తిప్పాలి. మేము జాకీలు బిగించి పేర్చే పద్ధతి వాడతాం. సగం చుట్టు పేర్చాక జాకీలు బిగించి, కిల్న్ తిప్పితే, మిగతా సగం కిందికి వస్తుంది. తిప్పేది మా మెకానికల్ వాళ్లు, చిన్న మోటారుతో. తిప్పమనేది కాంట్రాక్టర్ మేస్త్రీ. తిప్పే ముందు లోపలున్న ప్రతి మనిషీ బయటికి రావాలి.

ఒక రాత్రి 10 దాటాక జరిగింది. బి షిఫ్టు ఇన్‌ఛార్జి వెళ్తూ వెళ్తూ, సి షిఫ్టు అబ్బాయికి “మేస్త్రీ తిప్పమంటున్నాడు, అందరూ బయటికొస్తున్నారు” అని చెప్పి వెళ్లాడు. వస్తున్నారు అన్నాడు. వచ్చారు అనలేదు. ఆ అబ్బాయికి మాత్రం వచ్చారన్నట్టే వినిపించింది. రేడియోలో మేస్త్రీని అడిగితే “హా, సబ్ బాహర్”, అందరూ బయటే అన్నాడు. అతను చెప్పింది తన గ్యాంగ్ గురించి.

అంతకుముందు ఏడాదే మా సేఫ్టీ ఆఫీసర్ పట్టుబట్టి మ్యాన్‌హోల్ దగ్గర ఇత్తడి టోకెన్ల బోర్డు పెట్టించాడు. లోపలికి వెళ్లేవాడు తన టోకెన్ బోర్డుకి తగిలించి వెళ్లాలి, బయటికొచ్చి తీసుకోవాలి. అందరం నవ్వుకున్నాం, సినిమా హాలు సైకిల్ స్టాండులా ఉందని. ఆ రాత్రి సి షిఫ్టు అబ్బాయి మోటారు దగ్గరికి వెళ్లే ముందు బోర్డు మీద టార్చి వేశాడు. ఒక టోకెన్ వేలాడుతోంది. 27 నంబరు. ఇటుక గ్యాంగ్‌ది కాదు, ఉష్ణోగ్రత కొలిచే వైర్లు సరిచేయడానికి లోపలికి వెళ్లిన మా ఇన్‌స్ట్రుమెంట్ విభాగం కుర్రాడిది. కాంట్రాక్టు వాడు కాదు, మా పర్మనెంట్ మనిషే. మేస్త్రీ లెక్కలో అతను లేడు. 20 మీటర్ల లోపల, 24 వోల్టుల దీపం వెలుగులో, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని పనిచేసుకుంటున్నాడు.

ఏమీ జరగలేదు. అతన్ని పిలిచారు, వచ్చాడు, టోకెన్ తీసుకుని టీ తాగాడు. సి షిఫ్టు అబ్బాయి మాత్రం ఆ రాత్రంతా కుర్చీలోంచి లేవలేదు.

ఆ తర్వాత మేం మార్చినవి ఇవి. కిల్న్ మోటారు స్విచ్‌కి ఒక తాళం పెట్టె. లోపలికి మనుషుల్ని పంపే ప్రతి గ్యాంగ్ పెద్దా, మన విభాగమైనా బయటి కాంట్రాక్టర్ అయినా, తన సొంత తాళం ఆ పెట్టెకి వేస్తాడు. తాళంచెవి తన జేబులోనే. అన్ని తాళాలూ తీస్తేనే మోటారు కదులుతుంది. ఎవరి తాళం వాళ్లే తీయాలి, ఇంకొకరు తీయకూడదు, తాళంచెవి ఇంటికి పట్టుకుపోయినా సరే. అలా ఒకసారి తాళంచెవి కోదాడ వెళ్లిపోయింది. దాని కోసం జీపు పంపించాం, గంటన్నర పని ఆగింది. అయినా తాళం కొయ్యలేదు.

రెండోది, షిఫ్టు మారేటప్పుడు 15 నిమిషాలు అన్ని గ్యాంగులూ ఆగాలి. పొద్దున 6కీ, మధ్యాహ్నం 2కీ, రాత్రి 10కీ. వెళ్లేవాడు, వచ్చేవాడు, కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ ముగ్గురూ మ్యాన్‌హోల్ దగ్గర నిలబడి టోకెన్లు లెక్కపెట్టి, పర్మిట్ వెనకాల సంతకం చేయాలి. మేనేజర్లు మొదట్లో “రోజుకి ముప్పావుగంట పోతుంది” అన్నారు. పోతుంది. పోనివ్వండి.

ఆ 24 వోల్టుల దీపం సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి మూసిన చోట్లలోకి 24 వోల్టులు మించిన చేతి దీపం వద్దన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుల నుంచీ ఉన్న నియమం. బయటి గ్యాంగులు తమ సొంత హాలోజన్ దీపాలు సంచిలో తెచ్చుకుంటాయి. గేటు దగ్గరే తీయించి, మన దీపాలు మనమే ఇవ్వండి.

సాయంత్రం 5 గంటలు, నిలబడి

పొద్దున కాన్ఫరెన్స్ హాల్లో మీటింగ్ పెట్టేవాళ్లం. ఏసీ, బిస్కట్లు, గంటన్నర. పని చేసేవాళ్లు రారు, పని గురించి మాట్లాడేవాళ్లే వస్తారు. ఇప్పుడు సాయంత్రం 5కి కిల్న్ పియర్ (కిల్న్‌ని మోసే కాంక్రీటు దిమ్మ) కింద, నిలబడి, 20 నిమిషాలు. కుర్చీలు వేయనివ్వను. ప్రతి సూపర్‌వైజర్‌నీ ఒకటే అడుగుతాను: “రేపు నీ పని మొదలవ్వాలంటే ఎవరు నీకు ఏం ఇవ్వాలి?” ఆ ఇవ్వాల్సినవాడు పక్కనే నిలబడి ఉంటాడు. అతని నోటితోనే టైము చెప్పించి, ఇద్దరి ముందూ రాసుకుంటాను. నిన్న చెప్పిన టైము ఏమైందో కూడా అక్కడే చదువుతాను. ఇంత పని అయింది, అంత అయింది అన్న ముచ్చట్లు వద్దు, అవి కొలత పుస్తకంలో ఉంటాయి.

వాట్సాప్ గ్రూపు ఉంది. ఫోటోలకీ, “హైడ్రా ఎక్కడ?” లాంటి వాటికీ బాగుంటుంది. నిర్ణయాలు అందులో తీసుకోకండి. బొటనవేలు గుర్తు పెట్టినవాడు చదివాడనీ, ఒప్పుకున్నాడనీ ఏ నమ్మకమూ లేదు.

కొలత ఆ రోజే

కాంట్రాక్టర్ చేసిన పనిని రోజూ టేపు పట్టుకుని ఇద్దరూ కలిసి కొలిచి, అదే రోజు సంతకాలు చేయండి. కిల్న్ ఇటుక నిడివి 198 మిల్లీమీటర్లు, అంటే మీటరుకి సుమారు 5 వరసలు. వరసలు లెక్కపెడితే సరిపోతుంది, గొడవ లేదు. గొడవంతా కప్పబడిపోయే పనుల దగ్గరే. కాస్టబుల్ పోసే ముందు షెల్‌కి, అంటే బయటి ఉక్కు తొడుగుకి, కాస్టబుల్‌ని పట్టి ఉంచే ఉక్కు యాంకర్లు వెల్డింగ్ చేస్తారు. పోశాక అవి కనిపించవు. కాంట్రాక్టర్ 1200 అంటాడు, మన వాళ్లు 900 అంటారు, తవ్వి చూడలేం. పోయకముందే సుద్దముక్కతో పదేసి చొప్పున గుర్తులు పెట్టి, ఫోటో తీసి, సంతకాలు పెట్టించండి. సంతకం లేకుండా పోయొద్దని “ఎవరిది” కాగితంలో రాసి ఉంచండి.

మన ఫ్యాక్టరీల్లో అన్నిటికంటే ఖరీదైన మాట “ముందు చేసేయ్ మేస్త్రీ, బిల్లులో చూసుకుందాం.” అలా అన్నవాడు ఆర్నెల్ల తర్వాత బదిలీ అయిపోయి ఉంటాడు. ఎక్స్‌ట్రా పనికి చిన్న స్లిప్ పుస్తకం పెట్టండి. పని, ఎంతమంది, ఎన్ని గంటలు, చెప్పిందెవరు. మూడు వరసలు రాసి సంతకం పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. అలాగే ఖాళీ కూర్చున్న గంటలు కూడా రాయండి, తప్పు మన వైపు ఉన్నా సరే. మనం ఇవ్వాల్సిన స్కాఫోల్డింగ్ ఇవ్వక వాళ్లు ఆరు గంటలు కూర్చుంటే ఆ ఆరు గంటలు నిజమే. నిజం రాసేవాడని పేరొస్తే, తర్వాత వాళ్లు రాసే లెక్కలు కూడా దారిలో పడతాయి.

మాటా, అన్నమూ

ఇటుక పేర్చే మంచి గ్యాంగులు మాకు ఎక్కువగా బీహార్, రాజస్థాన్ వైపు నుంచి వస్తాయి. పొద్దున టూల్ బాక్స్ టాక్ (పని మొదలుపెట్టే ముందు చెప్పే జాగ్రత్తలు) తెలుగులో చెబితే అందరూ తలూపుతారు. తలూపారంటే అర్థమైందని కాదు. చెప్పాక వాళ్లలో ఒకణ్ణి పిలిచి, వాళ్ల భాషలో వాళ్లవాళ్లకే తిరిగి చెప్పమంటాను. ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ.

ఇంకోటి, రాత్రి క్యాంటీన్. మా వాళ్లకి రాయితీ కూపన్, కాంట్రాక్టు వాళ్లకి లేదు. ఒకే ఇనుప మెట్ల మీద కూర్చుని ఒకడు వేడన్నం తింటుంటే, ఇంకొకడు సంచిలోంచి ఎండిన రొట్టె తీస్తాడు. తర్వాత ఆ ఇద్దరే ఒక చైన్ బ్లాక్‌కి చెరోవైపు నిలబడాలి. షట్‌డౌన్ రోజుల్లో రాత్రి భోజనం అందరికీ ఒకటే, రొట్టెలు కూడా పెట్టండని నాలుగేళ్లు అడిగి సాధించాను. దానివల్ల పని ఎంత పెరిగిందని అకౌంట్స్ వాళ్లు అడిగారు. కొలవలేదని చెప్పాను. “పర్మనెంట్ వాళ్లు చేతులు కట్టుకుని చూస్తారు”, “కాంట్రాక్టోళ్లకి పని రాదు” అనే మాటలు మాత్రం ఆ మెట్ల మీద తగ్గాయి.

వెలిగించే ముందూ, వెళ్లే ముందూ

చివరి రెండు రోజులు అందరికీ తొందర. ప్రొడక్షన్ వాళ్లు మంట వెలిగిద్దామంటారు. కాస్టబుల్ పోసినవాళ్లు ఇంకా ఆరలేదంటారు. ఇక్కడ కాంట్రాక్టర్ మాటే వినండి. కాస్టబుల్ లోపల నీరుంటుంది. గబగబా వేడి చేస్తే ఆవిరి బయటికి దారి లేక పెచ్చులు పేల్చేస్తుంది. ఎన్ని గంటలు ఆరాలి, గంటకి ఎన్ని డిగ్రీలు పెంచాలి అన్నది తయారీదారు కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని షట్‌డౌన్ మొదటి రోజే ప్రొడక్షన్ వాళ్లతో సంతకం చేయించి ఉంచుకోండి. చివరి రోజు చూపిస్తే ఎవరూ చదవరు.

గ్యాంగులు వెళ్లేలోపు కూలి అందిందో లేదో మేస్త్రీని కాదు, నలుగురు హెల్పర్లని విడివిడిగా అడగండి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే కట్టాల్సింది మనమే, 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఇదే పద్ధతి. చట్టం సంగతి అటుంచి, డబ్బులు అందక వెళ్లిన మేస్త్రీ మరుసటేడు ఇంకో ఫ్యాక్టరీకి పోతాడు. ఇటుక సరిగ్గా బిగించే మేస్త్రీలు చెట్లకి కాయరు.

వాళ్లు సికింద్రాబాద్ రైలెక్కిన వారం లోపే నోట్‌బుక్ తీసి వచ్చే ఏడాదికి రాసుకుంటాను. మొన్నటి పేజీలో ఉన్నవి: టార్పాలిన్లు 6 చాలలేదు, 10 కావాలి. 24 వోల్టుల బల్బులు ముందే తెప్పించాలి. కోదాడ ఫిట్టర్‌కి తాళంచెవికి పెద్ద ఎర్ర రిబ్బను కట్టి ఇవ్వాలి.